లోపలి పొర చిరిగినప్పుడు: బృహద్ధమని జబ్బు చరిత్ర

స్వర్ణోత్సవ సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి రాయమని కమిటీ మిత్రులు అడిగినప్పుడు వారి మనసులో ఉన్నది బహుశా మన బడి చరిత్రే. ఆ పని నాకంటే బాగా చేయగల సీనియర్లు, గురువులు ఉన్నారు. నేను చదువు అయినప్పటి నుంచి ఎత్తిపోతల పథకాల్లో, నీటి పైపులైన్లతో బతుకుతున్న ఇంజనీరుని. అందుకని నాకు తెలిసిన పైపుల దారిలోనే వెళ్లి, మనందరి ఒంట్లో ఉన్న ఒక పెద్ద పైపు చరిత్ర రాస్తున్నాను. అది బృహద్ధమని. దాని గోడ లోపల చిరిగితే ఏమవుతుందో, దానికి ఏం చేయాలో తెలుసుకోవడానికి వైద్యులకు రెండు వందల ఏళ్లు పట్టింది. మూడేళ్ల క్రితం మా బ్యాచ్‌లో ఒకడు ఆ చిరుగుతోనే పోయాడు. వాడి సంగతి ఈ చరిత్రలో రావలసిన చోట వస్తుంది.

మన జీవశాస్త్రం మాస్టారు నల్లబల్ల మీద గుండె బొమ్మ వేసేటప్పుడు మంచి రక్తానికి ఎర్ర సుద్ద, చెడు రక్తానికి నీలం సుద్ద వాడేవారు. ఎడమ జఠరిక నుంచి పైకి లేచి, గొడుగు కర్రలా వంపు తిరిగి, వెన్నెముక వెంట కిందికి దిగే లావుపాటి ఎర్ర గీత బృహద్ధమని. ఆ గీతను ఆయన ఒక్క చేతి విసురుతో వేసేవారు. మేము నోటు పుస్తకంలో నాలుగుసార్లు చెరిపి వేసేవాళ్లం. పరీక్షకు అక్కడిదాకా చాలు. ఆ గీతకు మందం ఉంటుందని, ఆ మందంలో మూడు పొరలుంటాయని ఎవరూ అడగలేదు. లోపల రక్తాన్ని తాకుతూ పలచని నున్నటి పొర, మధ్యలో సాగే గుణమున్న దళసరి పొర, బయట గట్టి నారపొర. గుండె రోజుకు దాదాపు లక్షసార్లు కొట్టుకుంటుంది. కొట్టుకున్న ప్రతిసారీ ఈ గోడ సాగి, మళ్లీ దగ్గరికి వస్తుంది. నేను చూసిన ఏ పైపూ ఆ పని ఏడాదిపాటు కూడా చేయలేదు.

లోపలి పొర ఒకచోట చిరిగిందనుకోండి. రక్తం ఆ చిరుగులోంచి దూరి మధ్యపొరను రెండుగా చీల్చుకుంటూ పోతుంది. ప్లైవుడ్ అంచులో నీళ్లు దూరితే చెక్క పొరలు విడిపోయినట్టన్నమాట. పైపు పగలలేదు, బయటికి ఒక్క చుక్క కారలేదు, కాని గోడలోనే ఇంకో దొంగ కాలువ తయారైంది. ఆ కాలువ వెనక్కి పాకితే గుండె వైపు, ముందుకు పాకితే కాళ్ల దాకా పోవచ్చు. దారిలో మెదడుకు, మూత్రపిండాలకు, పేగులకు వెళ్లే కొమ్మలను నొక్కేయవచ్చు. ఎప్పుడో ఒకప్పుడు బయటి పొర కూడా తెగితే అంతటితో సరి. దీన్ని వైద్యులు డిసెక్షన్ అంటారు. గోడ మొత్తం బలహీనపడి సైకిల్ టైరు మీద బుడగలా ఉబ్బడం వేరే జబ్బు, దాని పేరు అన్యూరిజమ్. ఈ రెండింటినీ ఒకటిగా కలిపేయడం వల్లే చాలాకాలం గందరగోళం నడిచింది.

చరిత్రలో మొదట స్పష్టంగా నమోదైన రోగి మామూలు మనిషి కాదు. ఇంగ్లండ్ రాజు రెండవ జార్జి. మన వైపు బొబ్బిలి యుద్ధం జరిగిన 1757 నాటికి, గోదావరి జిల్లా చందుర్తి దగ్గర ఇంగ్లీషువారు ఫ్రెంచివారిని ఓడించిన 1758 నాటికి, మరుసటి ఏడాది బందరు కోట చేజిక్కించుకున్న నాటికి లండన్‌లో గద్దె మీద ఉన్నది ఆయనే. 1760 అక్టోబరు 25న కెన్సింగ్టన్ ప్యాలెస్‌లో అలవాటు ప్రకారం తెల్లవారుజామున 6 గంటలకు లేచి, చాక్లెట్ పానీయం తాగి, కాసేపటికి మరుగుదొడ్డికి వెళ్లాడు. లోపలినుంచి మూలుగు, ఏదో పడిన చప్పుడు వినిపించి సేవకుడు పరుగెత్తుకు వెళ్లేసరికి నేలమీద పడి ఉన్నాడు. వయసు 77కు రెండు వారాలు తక్కువ. రక్తం తీయబోయారు. ఆ కాలంలో ప్రతి జబ్బుకూ అదే వైద్యం. రక్తం రాలేదు.

మరుసటి రోజు శవాన్ని భద్రపరిచే పనిలో భాగంగా రాజవైద్యుడు ఫ్రాంక్ నికోల్స్ ఛాతీ కోసి చూశాడు. గుండె చుట్టూ ఉండే సంచిలో గడ్డకట్టిన రక్తం దాదాపు ఒక పైంటు, అంటే అర లీటరు పైచిలుకు. కుడి జఠరిక గోడలో ఒక రంధ్రం. బృహద్ధమని మొదట్లో, లోపలివైపు, అడ్డంగా అంగుళంన్నర పొడవున ఒక చీలిక. ఆ చీలికలోంచి రక్తం బయటి పొర కిందికి పాకి అక్కడ ఉబ్బులా నిలిచింది. ఆయన ఇదంతా ఉత్తరంగా రాయగా రాయల్ సొసైటీ వారి ఫిలసాఫికల్ ట్రాన్సాక్షన్స్‌లో 1761లో అచ్చయింది. ఈ నికోల్స్‌కు మరో గొప్ప ఉంది. అంతకు ముప్ఫై ఏళ్లకు పైగా ముందే అదే సొసైటీ సభ్యుల ఎదుట ఒక రక్తనాళంలోకి గట్టిగా గాలి ఊది, లోపలి పొర ముందు తెగుతుందని, బయటి పొర మాత్రం నిలిచి ఉబ్బుతుందని చూపించాడు. మా భాషలో చెప్పాలంటే పైపుకు ప్రెషర్ టెస్టు చేశాడు. అందుకే రాజు గుండె దగ్గర ఆ చీలిక కనిపించినప్పుడు అదేమిటో ఆయన కంటికి ఆనింది. లేకపోతే ముసలి రాజు గుండె ఆగి పోయాడని రాసి ఊరుకునేవాళ్లు.

ఆ తరువాత పేరు పెట్టడానికే అరవై ఏళ్లు గడిచాయి. ఇటలీలో మోర్గాన్యీ ఇలాంటి శవపరీక్షలు వివరించాడు. 1802లో జెనీవా వైద్యుడు మోన్వార్, రక్తం పొరలను విడదీసుకుంటూ పోవడానికి డిసెక్షన్ అనే మాట వాడాడు. స్టెతస్కోపు కనిపెట్టిన ఫ్రెంచి వైద్యుడు లనెక్ 1819లో దానికి అన్యూరిజమ్ అనే మాట తగిలించాడు. లనెక్ మీద నాకు ఎంతో గౌరవం ఉంది కాని ఈ పేరు మాత్రం మేలు చేయలేదనిపిస్తుంది. ఉబ్బు వేరు, చీలిక వేరు అని చెప్పవలసిన చోట రెండింటినీ ఒకే పేరులో కట్టేశాడు. 1840లలో లండన్‌లో పీకాక్ అనే వైద్యుడు అప్పటిదాకా రాసిన కేసులన్నీ పోగుచేశాడు. అంతటితో ఆగకుండా శవాల బృహద్ధమనిలోకి ద్రవం ఎక్కించి పొరలు ఎలా విడతాయో స్వయంగా చూశాడు. ఇంత జరిగినా బతికున్న మనిషిలో ఈ జబ్బును పట్టుకోవడం అరుదు. 1934లో షెన్నన్ అనే బ్రిటిష్ వైద్యుడు మూడు వందల దాకా కేసులు సమీక్షిస్తే, వాటిలో రోగి బతికి ఉండగా గుర్తించినవి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. పట్టుకున్నా చేసేదేమీ లేదు కాబట్టి పట్టుకోవాలన్న తొందరా లేదు.

ఆ స్థితి మారింది అమెరికాలో హ్యూస్టన్ నగరంలో. మైకేల్ డిబేకీ లెబనాన్ నుంచి వలస వచ్చిన కుటుంబంలో 1908లో పుట్టాడు. కుట్టుపని చిన్నప్పుడు తల్లి నేర్పింది. 1950లలో చెడిపోయిన ధమని ముక్క తీసేసి దాని స్థానంలో పెట్టడానికి గుడ్డ గొట్టం కావలసి వచ్చింది. నైలాన్ కొందామని బట్టల దుకాణానికి వెళితే అది అయిపోయిందట. కొత్తగా వచ్చిందని డేక్రాన్ చూపించారు. గజం కొనుక్కొచ్చి భార్య కుట్టుమిషన్ మీద తనే గొట్టాలు కుట్టాడు. ఆ డేక్రాన్ మనకు తెలియనిదేం కాదు, మన టెర్రీకాట్ చొక్కాల్లోని టెరిలీన్‌కు సోదరి, పాలియెస్టర్. ఇప్పటికీ ఆపరేషన్ థియేటర్లలో బృహద్ధమనికి బదులు పెడుతున్నది ప్రధానంగా ఆ రకం గుడ్డనే. ఇంజనీరుగా నాకు ఈ ఘట్టం అంటే ప్రత్యేకమైన ఇష్టం. సరైన సరుకు దొరకక, దొరికినదానితో పని కానిచ్చి, అదే మేలైందని తర్వాత తెలుసుకోవడం మా వృత్తిలో అందరికీ అనుభవమే.

1954లో డిబేకీ, కూలీ, క్రీచ్ కలిసి విడిపోయిన బృహద్ధమనికి విజయవంతంగా ఆపరేషన్ చేశారు, 1955లో ఆరు కేసుల వివరాలు ప్రకటించారు. 1965లో డిబేకీ చిరుగు ఎక్కడ మొదలై ఎక్కడిదాకా పోయిందన్నదాన్ని బట్టి జబ్బును మూడు రకాలుగా విభజించాడు. 1970లో స్టాన్‌ఫోర్డ్ వైద్యులు ఇంకా తేలిక చేశారు. గుండె నుంచి పైకి లేచే భాగం విడిపోతే ఏ రకం, వెంటనే కత్తి పట్టాలి. ఆ భాగం బాగుండి కిందికి దిగే భాగమే విడిపోతే బీ రకం, ముందు మందులతో చూడాలి. ఎమర్జెన్సీ గదిలో డాక్టరు ఇప్పటికీ వేసుకునే మొదటి ప్రశ్న అదే.

మందులు అన్నాను కదా. ఈ చరిత్రలో నాకు అన్నిటికంటే నచ్చిన భాగం అక్కడుంది. అమెరికాలో టర్కీ కోళ్లు పెంచేవాళ్లకు ఒక బెడద ఉండేది. ఏపుగా పెరిగిన మగ కోళ్లు ఉన్నట్టుండి బృహద్ధమని పగిలి చచ్చేవి. దాణాలో రిసర్పీన్ అనే మందు కొద్దిగా కలిపితే చావులు తగ్గాయి. ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో మైరన్ వీట్, రోజర్ పామర్ అనే వైద్యులు ఈ కోళ్ల సంగతి పట్టుకున్నారు. ఆపరేషన్ లేకుండా మందులతోనే డిసెక్షన్‌ను అదుపు చేసిన రోగుల వివరాలు 1965లో ప్రచురించారు. వాళ్లు వాడిన మందుల్లో రిసర్పీన్ ఒకటి. అది ఎక్కడిదనుకున్నారు? మన సర్పగంధ వేరులోది. బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ రక్తపోటుకు సర్పగంధ పనిచేస్తుందని 1949లో బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో రాశాడు. అప్పుడు ప్రపంచం చూపు ఆ వేరు మీద పడింది. 1952లో స్విట్జర్లాండ్‌లోని సీబా కంపెనీ శాస్త్రవేత్తలు అందులోంచి రిసర్పీన్‌ను వేరుచేశారు. మన అడవి మొక్క బొంబాయి, బాసెల్ మీదుగా వెళ్లి టర్కీ కోళ్ల దాణాలో పడి, అక్కణ్ణుంచి ఫ్లోరిడా ఆసుపత్రి మంచం దగ్గరికి చేరింది. తర్వాత ఇంతకంటే మంచి మందులు వచ్చాయి, ఇప్పుడు ఈ పనికి రిసర్పీన్ వాడరు. కాని దారి వేసింది అదే.

వీట్, పామర్‌ల ఆలోచన మా పైపులవాళ్లకు వెంటనే తలకెక్కుతుంది. పొలంలో మోటారు హఠాత్తుగా ఆగినప్పుడు పైపు దబ్బుమని కొట్టుకోవడం మీలో చాలామంది చూసే ఉంటారు. ఎత్తిపోతల పథకాల్లో ఈ దెబ్బకు పెద్దపెద్ద ఉక్కు పైపులే చీలతాయి. అది తప్పించడానికే మేము సర్జ్ ట్యాంకులు కడతాం. అక్కడ పైపును చంపేది నిలకడగా ఉన్న పీడనం కాదు, అది మారే వేగం. శరీరంలో జరిగేది అచ్చంగా అదే అని అనను, కాని సూత్రం దగ్గరిదే. ప్రోకాప్, పామర్, వీట్ 1970లో ఒక ప్రయోగం ప్రకటించారు. ప్లాస్టిక్ గొట్టం లోపల రబ్బరు సిమెంటుతో పలచని కృత్రిమ పొర వేసి, దానికి చిన్న చిరుగు పెట్టి ద్రవం పారించారు. ధార నిలకడగా ఉన్నంతసేపూ పీడనం బాగా పెంచినా చిరుగు పాకలేదు. గుండెలాగా కొట్టుకుంటూ పారించేసరికి పొర విడిపోతూ పోయింది. పీడనం ఎంత అన్నదానితో పాటు ఒక్కో కొట్టుకు అది ఎంత వేగంగా ఎగబాకుతోంది అన్నదీ ముఖ్యమని తేలింది. అందుకే ఇవాళ డిసెక్షన్ రోగి రాగానే మొదట చేసే పని నొప్పి తగ్గించడం, గుండె కొట్టుకునే వేగాన్ని నిమిషానికి 60కి లోపు తేవడం, పై బీపీని 100, 120 మధ్యకు దించడం. గుండెను నెమ్మదింపజేసే మందు ముందు, రక్తనాళాలను వదులు చేసే మందు తర్వాత. ఈ వరుస తప్పితే బీపీ పడిపోయిందని గుండె మరింత జోరుగా కొట్టి చిరుగును పెంచుతుంది.

చూడగలిగే కన్ను కూడా ఆ రోజుల్లోనే వచ్చింది. సీటీ స్కాన్ తయారుచేసిన గాడ్‌ఫ్రీ హౌన్స్‌ఫీల్డ్ డాక్టరు కాదు, ఈఎంఐ కంపెనీలో ఇంజనీరు. 1971లో మొదటి రోగికి స్కాన్ తీశారు, 1979లో నోబెల్ ఇచ్చారు. మా జాతివాడని ఒక్క వాక్యం ఎక్కువ రాసుకోనివ్వండి. నికోల్స్ ఛాతీ కోసి చూసినదాన్ని ఇప్పుడు చేతి నరంలోకి రంగుమందు ఎక్కించి కొన్ని నిమిషాల్లో చూడవచ్చు. రెండు కాలువలు, మధ్యలో తెరలా ఊగే పొర. 1999 నుంచి, కిందికి దిగే భాగంలో చిరిగితే, తొడ దగ్గరి ధమనిలోంచి మడతపెట్టిన గుడ్డ గొట్టం పంపి లోపలే విప్పి చిరుగును కప్పే పద్ధతి కూడా వచ్చింది.

అయితే స్కాన్ తీయాలని ఎవరికో ఒకరికి తోచాలి. అసలు చిక్కంతా అక్కడే. 1996లో వివిధ దేశాల ఆసుపత్రులు కలిసి ఈ రోగుల వివరాలు ఒకచోట చేర్చడం మొదలుపెట్టాయి. 6 దేశాల్లోని 12 కేంద్రాల నుంచి 464 మంది రోగుల లెక్క 2000లో వెలువడింది. నూటికి 85 మందికి నొప్పి ఉన్నట్టుండి వచ్చింది. పాఠ్యపుస్తకాలు చీల్చినట్టు నొప్పి అని రాసేవి, ఈ రోగుల్లో ఎక్కువమంది పదునైన పోటు అన్నారు. 72 శాతం మందికి అప్పటికే రక్తపోటు ఉంది. చేతుల్లోనో కాళ్లలోనో నాడి తేడా దొరికింది 15 శాతం మందిలోనే. ఇక ఈసీజీ దాదాపు మూడోవంతు మందిలో మామూలుగా ఉంది.

ఈ చివరి అంకె చదివినప్పుడు నాకు మావాడు గుర్తొచ్చాడు. ఊళ్లో ఎరువుల కొట్టు నడిపేవాడు. బీపీ ఉంది, మాత్రలు కూడా ఉన్నాయి. తల నొప్పి లేకపోతే బీపీ లేదని వాడి లెక్క, అందుకని నెలలో సగం రోజులు మానేసేవాడు. ఒక సాయంత్రం కొట్టులో కూర్చుని ఉండగా రొమ్ములో మొదలైన పోటు నిమిషాల్లో వీపులోకి, రెండు రెక్కల మధ్యకు పోయింది. దగ్గరి ఆసుపత్రిలో ఈసీజీ తీశారు, బాగుంది. రాత్రి చెల్లెమ్మ నాకు ఫోన్ చేసి, "అన్నయ్యా, గ్యాసేనంట, ఇంజక్షన్ చేసి పంపించారు. కాని ఎడమ కాలు చల్లగా ఉందంటున్నారు, మీరొకసారి మాట్లాడండి" అంది. నాకు అప్పటికి ఈ జబ్బు పేరు కూడా తెలియదు. కాలు చల్లబడటం మంచిది కాదనిపించి వెంటనే పట్నం తీసుకెళ్లమన్నాను. తెల్లవారుజామున స్కాన్‌లో మెడ దగ్గర్నుంచి ఎడమ తొడ దాకా విడిపోయిన బృహద్ధమని కనిపించింది. థియేటర్ సిద్ధం చేస్తుండగానే పోయాడు. వయసు 52. మొదట చూసిన డాక్టరును నేను తిట్టలేను. ఆ రోజు ఆయన గదిలో గ్యాస్ నొప్పి అంటూ వచ్చినవాళ్లలో చాలామందికి నిజంగా గ్యాసే అయ్యుంటుంది. అయితే ఉన్నట్టుండి వచ్చిన పోటు, వీపులోకి జరగడం, బీపీ ఉండటం, ఒక కాలు చల్లబడటం, ఈ నాలుగూ ఒకచోట కలిస్తే ఈసీజీ బాగుందన్న మాటతో ఇంటికి రాకూడదు. బృహద్ధమని సంగతేమిటని మనమే అడగాలి. దీన్ని గుండెపోటు అనుకుని రక్తం గడ్డలు కరిగించే మందు ఇచ్చినా ప్రమాదమే.

నిపుణులకే ఎంత కష్టమో చెప్పడానికి డిబేకీ కంటే పెద్ద సాక్షి లేడు. 2005 డిసెంబరు 31న, 97 ఏళ్ల వయసులో, ఇంట్లో ఒంటరిగా ఉపన్యాసం రాసుకుంటుండగా ఛాతీలో, భుజాల మధ్య, మెడలో భయంకరమైన నొప్పి వచ్చింది. మొదట గుండెపోటు అనుకున్నాడు. అది తాను యాభై ఏళ్లు వైద్యం చేసిన జబ్బేనని తర్వాత తేల్చుకున్నాడు. ఆసుపత్రికి వెళ్లడానికి వారాల తరబడి ఒప్పుకోలేదు, ఆపరేషన్ వద్దన్నాడు. 2006 ఫిబ్రవరిలో స్పృహ తప్పాక, రోగి వద్దన్న ఆపరేషన్ చేయవచ్చా అని ఆసుపత్రి నైతిక సంఘం తర్జనభర్జన పడింది. భార్య పట్టుబట్టింది. ఆయన దగ్గర పనిచేసిన జార్జి నూన్ కత్తి పట్టాడు. ఏడు గంటలు పట్టింది. నెలల తరబడి మంచంలో ఉండి కోలుకున్నాడు, చేసినందుకు సంతోషమే అన్నాడు, 2008 జూలైలో 99 ఏళ్ల వయసులో మరణించాడు. ఆయన వద్దన్న మాటను దాటి చేయడం సబబేనా అన్నదానిమీద నాకు ఇప్పటికీ అభిప్రాయం కుదరలేదు.

ఒక సంగతి మన ఉపాధ్యాయుల కోసం, ముఖ్యంగా పీఈటీ మాస్టార్ల కోసం. ఈ జబ్బు పెద్దవాళ్లదే కాదు. 1896లో ఫ్రెంచి వైద్యుడు మార్ఫాన్ పొడవాటి సన్నని వేళ్లు, కాళ్లు చేతులు ఉన్న ఒక చిన్నపిల్లను వర్ణించాడు. ఆయన పేరుతో పిలిచే జన్యులోపంలో మనిషి తాటిచెట్టులా పొడుగ్గా పెరుగుతాడు, చేతులు బారెడు, వేళ్లు సన్నగా పొడవుగా ఉంటాయి, రొమ్ము ఎముక గుంట పడో ముందుకు పొడుచుకొచ్చో ఉండవచ్చు, చూపు బాగా తక్కువ కావచ్చు. బృహద్ధమని మధ్యపొరకు మాత్రం ఉండవలసిన పట్టు ఉండదు. కారణమైన జన్యువును 1991లో గుర్తించారు. ఇలాంటి పిల్లలు కనబడితే మనం ఏం చేస్తాం? వాలీబాల్ జట్టులోకి తీసుకుంటాం. పొడుగ్గా ఉన్నవాళ్లందరికీ ఈ లోపం ఉండదు, భయపెట్టనక్కర లేదు. కాని ఇన్ని గుర్తులు కలిసినా, ఇంట్లో ఎవరైనా చిన్నవయసులో ఉన్నట్టుండి పోయారని తెలిసినా, ఆటలోకి దింపేముందు గుండెకు ఒక ఎకో పరీక్ష చేయించమని తల్లిదండ్రులకు చెప్పవచ్చు.

ఫ్లో హైమన్ అమెరికా వాలీబాల్ జట్టు తార, ఎత్తు ఆరడుగుల అయిదంగుళాలు. 1984 లాస్ ఏంజిలిస్ ఒలింపిక్స్‌లో వెండి పతకం గెలిచిన జట్టులో ఆడింది. 1986 జనవరి 24న జపాన్‌లో ఒక మ్యాచ్ మధ్యలో బయటికి వచ్చి బెంచీ మీద కూర్చుని అలాగే పక్కకు ఒరిగిపోయింది. వయసు 31. మొదట గుండెపోటు అన్నారు. కుటుంబం శవపరీక్ష చేయించింది, చిరిగిన బృహద్ధమని బయటపడింది. అప్పుడు ఆమె తమ్ముణ్ణి పరీక్ష చేస్తే అతనికీ అదే లోపం ఉందని తెలిసింది. అతనికి సకాలంలో ఆపరేషన్ చేశారు.